గేటు పట్టిన మామ

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. మా ఆడపడుచు కూతురికి తెల్లారితే హైదరాబాదులో పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ. ఆ పిల్ల గోదావరిఖనిలో మా క్వార్టరుకు వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఇంటర్వ్యూలో, చదువుకోని వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పమంటారట. నాన్న ఇంట్లో పలక పట్టించి నేర్పిన అక్షరాలే నా చదువు. అదీ ఒకరి పనికొస్తోందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

పక్కగదిలో మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడు. అందుకని ఇద్దరివీ గుసగుసలే.

"మెదడుల కణానికీ కణానికీ నడుమ సందుంటది అత్తా. ఇవతలి కణం గ్లూటమేటు అనే రసాయనం విడుస్తది. అవతలి కణం మీద రిసెప్టరని ఓ తలుపుంటది. ఇది తగిలితె అది తెరుచుకుంటది, కబురు లోపలికి పోతది."

"అయిపాయె గదా?"

"కాలే. ఆ తలుపుకు అంటుకొని తోడు ప్రొటీన్లుంటయి. తలుపును సందుకాడికి తెచ్చి నిలబెట్టేది, ఎంతసేపు తెరిచుండాల్నో చూసేది అవే."

"తలుపు దానంతటదే తెరుచుకుంటుంటె తోడెందుకు బిడ్డా?"

ఈ ప్రశ్న ఆరుసార్లు అడిగాను. ఆరోసారికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకే చెప్పస్తలేదు, రేపు వాళ్లకేం చెప్త? సీటు పోయినట్టే." విసుగ్గా చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టింది. "గ్లూటమేటొచ్చె, తగిలె, తెరిచె!" టంగ్, టంగ్, టంగ్.

లోపల మంచం కిర్రుమంది. బొగ్గుబాయిలోకి మనుషుల్ని దించే కేజ్ దగ్గర గేటు తీసి వేయడం మా ఆయన డ్యూటీ. గంట మూడుసార్లు మోగిందంటే మనుషులు ఎక్కుతున్నారని గుర్తు. ఒక చేత్తో లుంగీ పట్టుకుని, కళ్లు మూసుకునే వచ్చి, వీధి తలుపు బార్లా తెరిచి పట్టాడు.

"జల్ది ఎక్కుండ్రి! ఆగుండ్రి, ఇంకొకడు ఉరికొస్తుండు!"

గడపలో పెరుగమ్మే అవ్వ గంప దించబోతూ ఆగిపోయింది. "యాడికెక్కాలె కొడుకా?"

నవ్వి నవ్వి నా కడుపు నొచ్చింది. అప్పుడు వెలిగింది.

"బిడ్డా, నీ తోడు ప్రొటీను ఇగో! మీ మామ ఉంటె ఉరికొచ్చేటోనికి గూడ గేటు పడుతడు. రెండో షిఫ్టుల గేటు పట్టేటాయన అయితె వచ్చేటోని ముక్కు మీదనే మూస్తడు. గేటదే, గంటలవే."

"గంతే అత్తా! మెదడుల గూడ ఒక్కోకాడ ఒక్కో తోడు. అందుకే తలుపు ఒక్కటైనా నడక వేరు!" అంటూ గబగబా రాసుకుంది.

సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగిన పెద్దాయన చివర్లో, ఆ రెండో షిఫ్టాయనను మార్చకూడదా అన్నాడట. నేను టెంకాయ కొట్టి ముక్క చేతిలో పెడితే, మా ఆయన "దేనికిది?" అన్నాడు.

"నువ్వు నిద్రల చేసిన డ్యూటీకి."

"అయితె హాజరు మస్టరు పడుతదా?"