జగ్గారావు విప్పిన లెన్సు

మా బావ జగ్గారావు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బ్రేకు వాల్వులు విప్పే ఫిట్టరు. ఓవర్‌హాలింగుకి వచ్చిన ప్రతి పెట్టె కింద నుంచీ ఆ వాల్వు ఊడదీసి తెచ్చి అతని బల్ల మీద పెడతారు. అది బాగానే ఉందా, పాడైందా అని ఎవరూ అడగరు. బల్ల మీదకి వచ్చిందంటే విప్పాల్సిందే. స్ప్రింగులు ఒక పక్కన పేర్చి, లోపలి మసి కడిగి, పాత రబ్బరు రింగులూ, గాలి బయటికి పోకుండా ఆపే గాస్కెట్లూ అన్నీ పారేసి, కొత్తవి వేసి బిగించాలి. మీసాలు రాని వయసులో చేరినవాడు, ఇప్పుడు మీసాలు నెరిశాయి, పని మాత్రం అదే. ఇంట్లో గడియారం ఆగినా, మిక్సీ మూలిగినా, పక్కింటివాళ్ళ ఫ్యాను ఊగినా ముందు విప్పుతాడు, తర్వాత ఏమైందని అడుగుతాడు.

అతను నా చెల్లెలు నూకాలమ్మ మొగుడు. నేను గూడ్సు షెడ్డులో బస్తాలు మోస్తాను. మా నాన్నలిద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేం ఇక్కడే పుట్టాం. తెలుగులో ఏడుస్తాం, బెంగాలీలో బేరమాడతాం, హిందీలో పోట్లాడతాం.

ఇలాంటి ఇంట్లోకి కెమెరా వస్తుందని ఎవరనుకుంటారు? కొన్నేళ్ళ కిందట ఇందా బజారులో పెళ్ళి ఫోటోలు తీసే ఒక బెంగాలీ దాదా దగ్గర జగ్గారావు పాత కెమెరా కొనుక్కొచ్చాడు. తాగుడు లేదు, పేకాట లేదు, సినిమా కూడా లేని మనిషి. ఆదివారం తెల్లారితే సైకిలెక్కి మలంచా దాటి పొలాల వైపు పోతాడు. ఎర్రమట్టి గట్లు, వరి మళ్ళు, పొగమంచు, దూరంగా తాటిచెట్లు. అవే తీస్తాడు. ఫోనులోకి ఎక్కించి నాకు చూపిస్తాడు. బాగున్నాయి అంటాను. నిజానికి ఆ ఫోటోల్లో పైన ఆకాశం ఉంటుంది, కింద నేల ఉంటుంది, మధ్యలో నల్లదారంలాంటి ఒక గీత ఉంటుంది. ఆ గీతే తాటిచెట్లు.

"నాను సూసినాది ఇది కాదు బావా," అనేవాడు. "అక్కడ నిలబడితే తాటిసెట్లు వరసలు వరసలుగ కనపడతాయి. ముందు వరస నల్లగ, ఎనకది బూడిదరంగు, దానెనక ఇంకోటి, ఉన్నాదో లేదో తెలీనట్టు. ఫోటోలోకొచ్చేసరికి ఏటీ లేదు."

"అలగైతే సెట్టు దగ్గిరికెల్లి తీసుకోరాదేటి?" వంటింట్లోంచి నూకాలమ్మ అడిగేది. "డూటీకి నడిసెల్తావు, సెట్టుకాడికి నడవలేవా?"

"దగ్గిరికెల్తే సెట్టే ఉంటాదే. వరస ఉండదు."

"ఒక సెట్టు సాలదేటి మనకి?"



ఆ పొలాల దగ్గరే అతనికి ఋత్విక్ అనే కుర్రాడు కలిశాడు. ఇక్కడి పెద్ద ఇంజినీరింగు కాలేజీలో చదువుతున్నాడు, విజయవాడ వైపు వాడు. పిట్టల ఫోటోలు తీయడానికి వచ్చి, మా బావ ఒక మేకని తెలుగులో తిడుతుంటే విని పలకరించాడట. అతని దగ్గర దూరాన్ని దగ్గరికి లాగే పొడుగాటి లెన్సు ఉంది. పాతది, ఇనపది, అంతా చేత్తో తిప్పుకునే రకం. చదువు అయిపోవస్తోంది కదా, అది అమ్మేసి వెళ్దామని చూస్తున్నాడు.

"వారం రోజులు ఉంచుకుని వాడి చూడండి అంకుల్," అన్నాడట. "లోపల కొంచెం బూజు పట్టింది. ఫోటోలో ఏం కనపడదు. కావాలో వద్దో ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి అడుగుతా."

ఆ ఆదివారం పొద్దున్నే జగ్గారావు నన్ను కూడా పొలాలకి లాక్కుపోయాడు. నువ్వు కూడా చూసి చెప్పు అన్నాడు. ఏడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి, లెన్సంటే కళ్ళజోడు అద్దం అనుకునేవాణ్ణి, నేనేం చెప్తాను? సరే అని కెమెరాకి కన్ను పెట్టాను. పెట్టి, దెబ్బ తగిలినట్టు తల వెనక్కి లాగేసుకున్నాను.

తాటిచెట్లు వచ్చి నా ముక్కు ముందు నిలబడ్డాయి.

మళ్ళీ చూశాను. ఒక వరస వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకోటి, మంచులో ఒకదాని భుజం మీద నుంచి ఒకటి తొంగిచూస్తున్నట్టు. రెండో వరసకీ మూడో వరసకీ మధ్యలో ఒక ఆడమనిషి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచిపోతోంది. అక్కడ దారి ఉన్నట్టే నాకు తెలియదు. పుట్టి పెరిగిన ఊరు, ఆ పొలాల పక్కనుంచి ఎన్నిసార్లు పోయుంటానో లెక్క లేదు. ఇన్నాళ్ళూ అవన్నీ అక్కడే ఉన్నాయా?

"తీసేసుకో బావా! ఇంకేటి ఆలోసిస్తావు?" అన్నాను.

"సూడాల."

"ఇంకేటి సూడాల? సూసినాం గదా!"

"దాంతోటి సూసినాం. దాన్ని సూడలేదు గదా," అని లెన్సు ఊడదీసి ఎండకేసి పట్టుకుని, గొంతులోకి చూసినట్టు లోపలికి చూశాడు. తెల్లటి బూజు దారాలు నాకూ కనిపించాయి. అతని బొటనవేలు చివరి రింగు మీద అటూ ఇటూ కదులుతోంది.

ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. సాయంత్రం టీకని చెల్లెలి ఇంటికి వెళ్తే నూకాలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"అన్నియ్యా, నీ బావ ఏటి సేసినాడో లోపలికెల్లి సూడు. నాను మాత్రం సూడ్లేను."

లోపల నేల మీద పేపరు పరిచి ఉంది. దాని మీద లెన్సు లేదు. గొట్టాలున్నాయి, రింగులున్నాయి, స్క్రూలు చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకూ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. అద్దాలు నా చెల్లెలి పాత మెత్తటి చీర ముక్క మీద మెరుస్తున్నాయి. మధ్యలో జగ్గారావు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఓలమ్మో! అది పరాయోల్ల సామాను బావా!"

"పరాయోల్లదే. అందుకే జాగర్తగ ఇప్పినాను."

"కొంటావో లేదో సెప్పమన్నాడు గానీ ఇప్పమన్నాడా?"

"ఇప్పకుండా కొనాలో వద్దో ఎలగ సెప్తాను?" అన్నాడు. వేళాకోళం కాదు. ఇంత వయసొచ్చి ఇదీ తెలియదా అన్నట్టు నిజంగానే ఆశ్చర్యపోయి నా వైపు చూశాడు.

"సూడు, బూజంతా పోనాది. స్పిరిట్టుతోటి తుడిసినాను," అని ఒక అద్దం ఎత్తి చూపించాడు. తర్వాత అట్టతో కత్తిరించిన గుండ్రటి రింగులు చూపించాడు. ఎవరిదో పెళ్ళి శుభలేఖని కత్తిరించి నల్లసిరా పూశాడు. "పాత గాస్కెట్లు ఉల్లిపొరలాగ అయిపోనాయి. అందుకే కొత్తవి కొంచెం దిట్టంగ సేసినాను."

నేను ఏదో అనబోయేలోపు బయట సైకిలు ఆగింది. "అంకుల్ ఉన్నారా?"

ఋత్విక్ గుమ్మంలోకి వచ్చాడు. ఒక చెప్పు విప్పాడు. పేపరు మీదకి చూపు పడింది. రెండో చెప్పు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు.

"అది... నాదేనా?"

"నీదే బాబూ. రా, కూకో. బేగి అయిపోతాది."

ఆ పిల్లాడు కూర్చోలేదు, కూలబడ్డాడు. నూకాలమ్మ టీ ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు, మీగడ కట్టేసింది. జగ్గారావు మాత్రం తడుముకోకుండా ఒక్కొక్కటీ ఎత్తి బిగించుకుంటూ పోయాడు. పేపరు మీద ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. చివరికి లెన్సు కెమెరాకి తగిలించి ఋత్విక్ చేతిలో పెట్టాడు.

అతను వరండాలో జామకొమ్మ కేసి పెట్టి చూశాడు. మొహంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది. "అంకుల్! చీమ కాళ్ళు కూడా కనపడుతున్నాయి! బూజు అస్సలు లేదు!"

"మరేటనుకున్నావు?" అన్నాడు మా బావ.

ఋత్విక్ కెమెరా ఎత్తి కాలనీ అవతల ఉన్న నీళ్ళ ట్యాంకు కేసి తిప్పాడు. రింగు తిప్పాడు. ఇంకా తిప్పాడు. అది చివరికంటా పోయి ఆగిపోయింది. కెమెరా నాకిచ్చాడు. ట్యాంకు టీలో నానిన బిస్కెట్టులా కరిగిపోయి ఉంది. జగ్గారావు తీసుకుని చాలాసేపు చూశాడు. ఆగిపోయిన రింగుని ఇంకా ముందుకి నెడుతూనే ఉన్నాడు.

"అంకుల్, లోపల నల్లటి పల్చటి రింగులుండాలి. అవేవి?"

"పాత గాస్కెట్లా? పారేసినాను. ఇప్పినాక పాతవి మల్లీ ఎయ్యకూడదు బాబూ."

"అవి గాస్కెట్లు కాదంకుల్!" ఆ పిల్లాడు అరిచాడు. "అక్కడ గాలీ నూనే ఏం ఉండవు ఆపడానికి! ఆ మందం మీదే దూరం కుదురుతుంది. వెంట్రుకంత ఎక్కువైనా దూరంవి కనపడవు. వీడియోల్లో చూశాను నేను. ఎక్కడ పారేశారు?"

అందరికంటే ముందు పరిగెత్తింది నూకాలమ్మ. చెత్త తీసుకెళ్ళి వీధి చివర కుప్పలో పోసింది తనే. మేం వెళ్ళేసరికి ఆ కుప్పకి ఎవరో నిప్పు పెట్టేశారు. కాలిన ప్లాస్టిక్కు వాసన. కర్రతో కెలికితే బూడిద లేచింది.

"ఎవులు నిప్పెట్టినారర్రా దీనికి? కే ఆగున్ దియేఛే?" అని తెలుగులోనూ బెంగాలీలోనూ వీధంతా వినపడేలా అరిచింది. చెట్టుదాకా నడవలేవా అని మొగుణ్ణి ఎగతాళి చేసిన మనిషి మోకాళ్ళ మీద కూర్చుని వేడి బూడిదలో వేళ్ళు పెట్టి వెతికింది. లాగితే గానీ లేవలేదు.

తిరిగొచ్చేసరికి జగ్గారావు ఇంకా పేపరు ముందే కూర్చుని ఉన్నాడు. లెన్సు ఒళ్ళో ఉంది. వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా నేను ఆ మొహం చూడలేదు.

"నా సేతిలో పాడైన సామాను ఇంతవరకూ లేదు బావా," అన్నాడు నెమ్మదిగా.

ఋత్విక్ కళ్ళు తుడుచుకున్నాడు. "పర్లేదు అంకుల్. ఇచ్చేయండి. కలకత్తాలో ఎవరైనా బాగుచేస్తారేమో అడుగుతా."

జగ్గారావు ఇవ్వలేదు. రెండు చేతులూ లెన్సు మీద వేసి ఉంచాడు.

"కాదు బాబూ. మా షాపులో వాల్వుని ఎవులిప్పితే ఆల టోకెన్ నెంబరు దానికి కడతారు. టెస్టులో పాసయ్యేవరకూ అది ఆడిదే. ఇంకోడి బల్ల మీదకి తోసీడానికి లేదు."

"ఇది షాపు కాదు కదంకుల్."

"ఇప్పినోన్ని నానే గదా."

కొనాలా వద్దా అని వారం రోజులు ఆలోచించిన మనిషి అలా కొన్నాడు. పనికిరాకుండా పోయాక, అందరం చూస్తుండగా. ఋత్విక్ కనీసం సగానికైనా తీసుకోండి అంటుంటే నూకాలమ్మ గుమ్మంలోంచి, "సగానికి తీసుకుంటే మాకు సిగ్గు కాదేటి? సెప్పిన రేటుకే ఇస్తాడు. ముందు ఆ రెండో సెప్పు ఇప్పి లోపలికి రా, ఇంకో టీ పెడతాను," అంది.

మరుసటి ఆదివారం మళ్ళీ పొలాలకి పోయాం. మంచి మంచు పట్టింది. జగ్గారావు కెమెరా కర్రల స్టాండు మీద బిగించి, ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత నాతో, "బావా, అలగ సెట్లకేసి నడు," అన్నాడు.

నడిచాను.

"ఇంకా నడు. ఇంకొంచెం. ఆగు! ఎనక్కి రా. ఆఁ, అక్కడే! అక్కడిదాకా నీ ముక్కు కనపడతన్నాది. ఆపైన లేదు."

వెనక్కి తిరిగి చూస్తే మొదటి మడి కూడా దాటలేదు నేను. దూరం చూడ్డానికి కొన్న అంత పొడుగు గొట్టానికి చూపు నా దగ్గరే అయిపోయింది. నా వెనక తాటిచెట్లు ఎక్కడో ఉన్నాయి. ఎవరో నా చెంప మీద కొట్టినట్టనిపించింది. జగ్గారావు వచ్చి నేను నిలబడ్డచోట ఒక పుల్ల పాతాడు. ఇంటికి పోయి మళ్ళీ విప్పాడు.

ఆ చలికాలమంతా అదే పని. శుభలేఖ అట్ట తీసి నోటుబుక్కు అట్ట వేశాడు, అది తీసి క్యాలెండరు కాగితం వేశాడు. ఈసారి ఏ ముక్కా పారేయలేదు. ఆదివారం వస్తే నన్ను నడిపించేవాడు. ఒకసారి ఇంకో మడి ముందుకి పోయాను. ఒకసారి మళ్ళీ వెనక్కొచ్చాను. పొలం తాలూకు దాదా ఒకాయన గట్టు మీద నిలబడి మమ్మల్ని చూసి చూసి, పొలం కొలుస్తున్నారా, రోడ్డేమైనా వస్తోందా అని భయపడుతూ అడిగాడు. లేదు దాదా, లెన్సుని కొలుస్తున్నాం అని బెంగాలీలో చెప్పాను. ఆయన ఇంకేం అడక్కుండా వెళ్ళిపోయాడు.

"ఏ మడిదాకా ఒచ్చినాది?" అని ఇంటికి రాగానే నూకాలమ్మ అడిగేది, నాకు మోకాళ్ళకి రాసుకోవడానికి నూనె ఇస్తూ.

మొన్న ఆదివారం మళ్ళన్నీ దాటి, నీళ్ళు పారే బోదె దాకా పోయాను. వెనక్కి తిరిగి చూస్తే జగ్గారావు వేలెడంత కనపడ్డాడు. ఏదో అరుస్తున్నాడు, వినపడ్డం లేదు. చెయ్యి ఊపుతున్నాడు. రమ్మంటున్నాడేమో అనుకుని ఇటు ఒక అడుగు వేశాను. అతను రెండు చేతులూ ఎత్తి గాలిని గట్టిగా తాటిచెట్ల వైపు తోశాడు.

బోదెలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. పంచె ఎగ్గట్టుకుని దిగాను.