తీరం దాటిన తుపాను

ఈ మాట నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే ఉంది. ఇవాళ పొద్దున బంగాళాఖాతంలో అల్పపీడనమని ఫోనుకు మెసేజి వచ్చేసరికి, ఇన్నేళ్లకు రాయడానికి కూర్చున్నాను.

అప్పుడు పులివెందుల దగ్గర మా ఊళ్లో నేను పదో తరగతి. నలుగురిలో నోరు విప్పని నేను తుపాను పాఠాన్ని మాత్రం కథలా చదివాను: సముద్రం వేడెక్కితే తడిగాలి పైకి లేస్తుందట, కింద పీడనం తగ్గి చుట్టుపక్కల గాలంతా అక్కడికి ఉరుకుతుందట, భూమి తిరుగుతోంది కనుక ఆ గాలి సుడి తిరుగుతుందట, తీరం దాటాక ఆవిరి అందక బలహీనపడుతుందట. ఆ పేజీ చివరి వాక్యం నచ్చి డైరీలో ఎక్కించుకున్నాను.

ఆ కార్తీకంలో మా శనక్కాయ పీకుడుకు వచ్చింది. ఆలస్యమైతే కాయ నేలలోనే తెగిపోతుంది. కోస్తాకు తుపాను వస్తోందని టీవీలో చెప్పగానే ఊరంతా పీకుడు ఆపేసినా, నాయన గడపలో కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏమ్మా, పుస్తకాలు తింటాండావు గదా, ఈడికి వస్తాదా అది?"

"తీరం దాటితే బలం పోతాది నాయనా."

నన్నొకరు సలహా అడగడం అదే మొదటిసారి. "మా పాప చెప్పిందంటే ఇంగ అప్పీలే లేదు" అని నవ్వి, మరునాడే చేనంతా పీకించి, చెట్లను అక్కడే ఆరబెట్టించాడు.

బలం పోయింది, నిజమే. బలం పోయిన ఆ తుపానే మా మీదికొచ్చి, కదల్లేక, నాలుగు రోజులు ఆగని ముసురుగా కురిసింది. పాఠంలో ఆ మాటా ఉంది, పేజీ తిప్పితే. నేను తిప్పలేదు. కాయలు చెట్టుకే మొలకెత్తాయి. కాయ తెంపాక మేతకు దాచాల్సిన ఎండుచెట్ల కట్టె నల్లబడితే ఎద్దులు మూతి కూడా పెట్టలేదు.

"ఎవురు చెప్పినారు బావా నీకు? ఊరంతా ఒక దావ, నీదొక దావ!" అని మామ నిలదీశాడు.

"ఎవురు చెప్తారు, నా తిక్క" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

మళ్లీ విత్తే దారి లేక కువైట్‌కు గొర్రెలు కాయడానికి పోయాడు. సిగ్నలు దొరికినప్పుడు అమ్మకు ఫోను చేసేవాడు. నేను మొహం చెల్లక ఒక్కసారీ అందుకోలేదు. రెండో ఎండాకాలంలో ఆ ఎండకే పోయాడు.

ఇప్పుడు మబ్బు ఎటు పోతోందో ఫోనులోనే కనబడుతుంది; వాన గురించి ఇంట్లో పిల్లను పిలిచి అడిగేవాళ్లు లేరు. ఎవరైనా అడిగితే ఈసారి పేజీ తిప్పి చెబుదామని ఉంటుంది. అడగాల్సిన మనిషి, కువైట్‌కు పోయే రోజు పులివెందుల బస్టాండులో బస్సు కిటికీలోంచి వంగి, నాతో చివరిగా అన్నది ఇదే:

"ఆడ మబ్బే కనపడదంటమ్మా. ఇంగ నిన్ను అడిగే పన్లేదు, నువ్వు బయపడాకు."