నేను మింగిన ముహూర్తం

మేము అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. తెలుగువాళ్ళు మాత్రం నన్ను ఎరిగింది ముహూర్తాల వల్ల. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. నేను వచ్చిన కొత్తలో మనవాళ్ళు ఇండియా నుంచి తెప్పించుకున్న పంచాంగంలోని టైమును ఉన్నదున్నట్టు పట్టుకుని, విజయవాడ సూర్యోదయానికి కట్టిన లగ్నంలో మిషిగన్‌లో పాలు పొంగించేవాళ్ళు. చూసి ఉండబట్టలేక, ఇక్కడి సూర్యోదయానికి లెక్క మార్చడం సొంతంగా నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఒక్కరికి తప్ప. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

అప్పటికి మా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. చిన్నప్పటినుంచి ఫిట్స్. మాట నెమ్మది, బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. గ్రోసరీ స్టోర్‌లో సామాన్లు సంచుల్లో సర్దే పని చేసేది. దానికి ఉన్నది ఒకే కోరిక.

"స్టోర్‌లో అందరికీ వాళ్ళ ఇల్లు కీ ఉంది నాన్నా. నాకే లేదు."

మేమిద్దరం పోయాక దాన్ని ఎవరు చూస్తారన్న బెంగ మాది. అలాంటి పిల్లలున్న కుటుంబాలు కొన్ని, ఒక చర్చివాళ్ళతో కలిసి, ఆ చర్చి వెనక ఖాళీ స్థలంలో ఇళ్ళు కట్టించాలని ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. తక్కువ అద్దె. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. కింది అంతస్తులో రాత్రీ పగలూ మనిషి ఉంటాడు, బెల్ కొడితే వస్తాడు. మా అమ్మాయి పేరు కూడా ఇచ్చాం. ఇక మిగిలింది సిటీ కౌన్సిల్ ఒప్పుకోవడమే.

ఆ స్థలం పక్కనే కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అందులో ఒకటి మాకు బాగా తెలిసినతనిది. వయసులో నాకంటే చిన్నవాడు, పెద్ద కంపెనీలో మేనేజరు. అతని ఇద్దరు పిల్లల అన్నప్రాశనలకూ ముహూర్తం పెట్టింది నేనే. ఒక ఆదివారం, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, మా అమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉండగా మొదలుపెట్టాడు.

"అంత పోసి కొనుక్కున్నాక, పక్కన ఇలాంటి వాళ్ళని తెచ్చి పెడితే ఎట్లా అన్నా? రీసేల్ వాల్యూ ఏం కావాలి? మనోళ్ళు అందరం కౌన్సిల్ హియరింగ్‌కి పోయి అపోజ్ చేయాలి."

"ఇలాంటి వాళ్ళంటే?" అన్నాను.

"అదే, మెంటల్ కేసులు. మీ పాప సంగతి వేరే లెండి. తను మన పిల్ల."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళలో పాలు పొంగింది నా లెక్కమీదే.

తిరిగి వస్తుంటే కార్లో మా అమ్మాయి అడిగింది. "నాన్నా, ఇలాంటి వాళ్ళు అంటే నేను కదా?"

ఆ మాటకు జవాబు దానికి కాదు, అతనికి చెప్పాలనుకున్నాను.

అవకాశం తనంతట తనే వచ్చి మా సోఫాలో కూర్చుంది. సెప్టెంబరులో అతను గృహప్రవేశానికి ముహూర్తం అడగడానికి వచ్చాడు. పాట్‌లక్‌లో అన్న మాట అతనికి గుర్తున్నట్టే లేదు. మా ఆవిడ కాఫీ ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఒక్కటే చెప్పండన్నా, బెస్ట్‌ది. రెండు చెప్తే మా ఆవిడ తేల్చదు, క్రిస్మస్ దాకా అపార్ట్‌మెంట్‌లోనే పడుంటాం."

కార్తీకమాసంలో ఒకే వారంలో రెండు కుదిరాయి. సోమవారం రేవతి, శుక్రవారం రోహిణి. రెండూ సాయంత్రాలే, రెండూ వృషభ లగ్నమే. వెంట్రుకవాసి శుక్రవారమే మేలు. కౌన్సిల్ కూర్చునేది సోమవారాలు. మా ఇళ్ళ విషయం ఏ సోమవారం వస్తుందో సిటీ హాల్‌కి ఫోన్ చేసి అప్పటికే కనుక్కున్నాను. నోటీసు ఇంకా బయటికి రాలేదు.

"సోమవారం, సాయంత్రం ఏడూ పన్నెండు," అన్నాను. అతను సెల్‌ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.

అక్టోబరులో నోటీసు వచ్చింది. ఆ సాయంత్రమే పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, హియరింగ్ అదే రోజు పడింది. ఏడింటికే! మన ముహూర్తం ఓ రెండు గంటలు అటు జరపరా?"

"జరిపితే లగ్నం దాటిపోతుంది."

"పొద్దున?"

"పొద్దున ఏముంది? వర్జ్యం ఉంది."

"కార్డులు పంచేశాం. అత్తగారు మామగారు టికెట్లు తీసుకున్నారు. పంతులుగారు ఆ వారం దాటితే దొరకరంట."

"పోనీ నువ్వు హియరింగ్‌కి వెళ్ళు. పాలు మీ ఆవిడ పొంగిస్తుంది."

"పీటల మీద నేను లేకుండానా!"

"మిగతావాళ్ళని పంపు."

"వాళ్ళందర్నీ భోజనానికి పిలిచిందే నేను కదన్నా." తల పట్టుకున్నాడు. "ఆ వారంలోనే ఇంకో రోజు... ఏదైనా... మీరు చూస్తే దొరక్కపోదు."

శుక్రవారం రోహిణి నా నాలుక చివర ఉంది. అటు గదిలోంచి మా అమ్మాయి టీవీ చూస్తూ నవ్వడం వినిపించింది. మింగేశాను.

"ఇక మాఘమాసమే," అన్నాను.

అతని మొహం తీరిగ్గా చూశాను. పాట్‌లక్‌లో ఊపిన తలలన్నీ అందులో కనిపించాయి. "కూర్చో, కాఫీ తాగి వెళుదువుగాని," అని నేనే లేచి కలిపిచ్చాను. చక్కెర కూడా రెండు చెంచాలు వేశాను.

సోమవారం సిటీ హాల్‌లో, వ్యతిరేకంగా మాట్లాడతామని తేదీ పడకముందే పేర్లిచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచారు. మన పేర్లు పలకలేక ఆ మేయరమ్మ పాపం తంటాలు పడింది. పిలవడం, ఆగడం, హాలంతా వెనక్కి తిరిగి చూడటం, తర్వాతి పేరు. నాకు ఆ నిశ్శబ్దాలు ఒక్కొక్కటీ పాయసం గుటకలా దిగాయి. ఆ టైముకి వాళ్ళంతా అక్కడ అసలు పాయసం తాగుతూ ఉంటారు. కొత్త ఇళ్ళవైపు నుంచి వచ్చిన తెల్లవాళ్ళు కొద్దిమంది ట్రాఫిక్ గురించి ఏదో చెప్పి కూర్చున్నారు.

తర్వాత మా అమ్మాయి మైకు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్నదంతా మర్చిపోయింది. తనకో తాళంచెవి కావాలని మాత్రం ఇంగ్లీషులో చెప్పి, నావైపు చూసింది. ఒక్క ఓటు తేడాతో నెగ్గాం.

బిల్డింగ్ లేవడానికి రెండేళ్ళు పట్టింది. మా అమ్మాయికి రెండో అంతస్తులో ఇల్లొచ్చింది. ఇప్పుడు నేను వెళితే తలుపు కొట్టి నిలబడాలి. ఎవరో తెలిసినా, "ఎవరు?" అని అడిగి, కాసేపు నిలబెట్టి, అప్పుడు తీస్తుంది.

దాని కిటికీకి ఎదురుగా అతని వంటిల్లు. పొద్దున్నే కాఫీ కప్పుతో అతను అక్కడ నిలబడటం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి ఆదివారం నేను వెళ్ళేసరికి మా అమ్మాయి కిటికీ దగ్గరే ఉంది.

"నాన్నా, అంకుల్‌కి రోజూ హాయ్ చెప్తున్నాను. అంకుల్ చెయ్యి ఊపట్లేదు. ఇవాళ కర్టెన్ పెట్టేశాడు."

"కర్టెన్ ఉన్నా కనిపిస్తుందమ్మా," అన్నాను. "రోజూ ఊపు."