బాలింతల స్నానాలగది నేల

మా ఆయన పరిచిన నేలలు ఈ ఊరినిండా ఉన్నాయి. ఆయనకి అవి చుట్టాల కింద లెక్క. దారిన పోతూ పోతూ ఏ బడో, ఏ దుకాణమో కనపడితే చాలు, "ఒక్క నిమిషం, చూసొస్తా" అని లోపలికి దూరిపోతాడు. పాపం వాళ్ళు ఏదో కొనడానికి వచ్చాడనుకుంటారు. ఈయన వంగి, వేలి కణుపుతో రెండు మూడు టైల్స్ మీద తట్టి, చెవి ఒగ్గి విని, తలూపి బయటికి వచ్చేస్తాడు. ఒకసారి నగల దుకాణంలో అలాగే చేస్తే కాపలావాడు వీధి చివరిదాకా మా వెంట వచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకేమో తన నేల ఎక్కడా డొల్ల పలకలేదన్న సంబరం.

అసలు నన్ను అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజునే నాకు అర్థం కావలసింది. నా వైపు చూడకముందు మా ముందుగది నేల చూశాడు. "మూల కొంచెం ఎత్తుగా ఉందండీ" అన్నాడు మా నాన్నతో. ఇలాంటివాడికి పిల్లనిస్తే రోజుకో వంక పెడతాడని మా అమ్మ భయపడింది. నాకు మాత్రం వంకలు పెట్టలేదు. పెట్టాల్సిన వంకలన్నీ నేలలకే సరిపోయాయి.

ఊళ్ళో ఆయన్ని నీళ్ళ మేస్త్రి అంటారు. ఏ గది పని అయినా, చివర్లో ఒక చెంబుడు నీళ్ళు కుమ్మరించి అవి ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చుంటాడు. దారి తప్పాయో, టైల్ ఊడబెరికి మళ్ళీ వేస్తాడు. "ఫర్వాలేదు మేస్త్రీ, మేం తుడుచుకుంటాంలే" అని ఇంటివాళ్ళు బతిమాలినా వినడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆయన నేల వేస్తే జాయింట్లు నింపేది నేను. టైల్స్ మధ్య సందుల్లో తెల్ల సిమెంటు పూసి, తడిగుడ్డతో తుడిచి, గీత సన్నగా నిలిచేలా చూడటం నా పని. కొత్తలో మధ్యాహ్నం భోజనం తీసుకెళ్ళి, ఊరికే కూర్చోలేక మొదలుపెట్టాను. ఇద్దరం పని మొదలెట్టేముందు ప్రార్థన చేసుకుంటాం. చిన్న ప్రార్థనే. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందని ఆయన హడావిడి. ఆ సంగతి దేవుడికి కూడా తెలుసట.

ఇక మా మందిరం సంగతి. అది పాతది. వేదిక నేల ఎంత పగిలిపోయిందంటే, ప్రసంగంలో పాస్టరుగారికి ఉత్సాహం వచ్చి కాలు తాటించినప్పుడల్లా ఒక పెచ్చు లేచేది. చివరికి కొత్త నేల వేయాలని సంఘం నిర్ణయించింది. హాలు ఎవరు వేసినా వేదిక మాత్రం మా బావే వేయాలని సంఘపెద్ద అయిన మా అన్నయ్య అందరి ముందూ ప్రకటించాడు. ఆ రోజు నా కాళ్ళు నేలమీద నిలవలేదంటే నమ్మండి. టైల్స్ నేనే ఎంచాను. పాలమీగడ రంగు, అంచున సన్నటి నీలం గీత. స్త్రీల కూటంలో నేను ఈ మాట చెప్పని మనిషి లేదు.

అంతలో ఆయన మోకాళ్ళు మొరాయించాయి. చిన్నప్పటినుంచీ మోకాళ్ళ మీద పని చేసిన మనిషి. వాపు తగ్గక, మెట్టు ఎక్కలేక, నా పోరు పడలేక ఆసుపత్రికి వచ్చాడు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూపించాడు.

"గుజ్జు అరిగిపోయింది మేస్త్రీ. వచ్చే మంగళవారం ఆపరేషన్ చేద్దాం. నడుస్తారు, మెట్లెక్కుతారు. మోకాళ్ళ మీద కూర్చుని పని మాత్రం ఇక లేదు."

"ఈలోపు?"

"ఒక్క చిన్న పని. అదీ మీరు ఎలాగూ నా మాట వినరని చెబుతున్నా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం నిబ్బరంగా, "అయితే వేదికకి సరిపోతుంది" అన్నాడు. ఆ మాటతో నాకూ ధైర్యం వచ్చింది. ఆఖరి నేల దేవుని మందిరంలో వేసి చేతులు కడుక్కుంటాడు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. శుక్రవారం వేదిక పని. ఆదివారం ప్రతిష్ఠ. అంతా కుదిరింది.

బయటికి వస్తుంటే అలవాటుగా ఆగాడు. "పురుళ్ళ వార్డులో స్నానాలగది నాదే. చూసొద్దాం." ఆడవాళ్ళ స్నానాలగదిలోకి ఈయన్ని ఎవరు రానిస్తారు? తాను వరండాలో నిలబడి నన్ను లోపలికి పంపాడు.

లోపల నేల మధ్యలో సబ్బునీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. దాని మీద గోనె సంచులు పరిచారు. అవి నాని, జిగురుగా కాలికి అంటుకుంటున్నాయి. ఒక బాలింత ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి పొట్ట కుట్లకి ఆనించి, అప్పుడే నడక నేర్చిన పిల్లలా అడుగులో అడుగు వేస్తోంది.

"జాగ్రత్తమ్మా, మొన్న ఒకావిడ ఇక్కడే జారింది" అంది ఆయా నాతో. "కుట్లు ఊడిపోతే మళ్ళీ వేశారు. బిడ్డ చేతుల్లో లేదు కాబట్టి సరిపోయింది."

బయటికి వచ్చాక ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కుంగింది" అన్నాడు. "ప్రారంభోత్సవం తొందరలో కింద ఇసుకని దిమ్మిసతో కొట్టి సరిగ్గా గట్టిపరచలేదు. చాల్లే కానివ్వు అన్నాడు కాంట్రాక్టరు. నేనూ సరే అన్నాను."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆసుపత్రివాళ్ళే మిమ్మల్ని పిలవలేదు కదా అని నేను అనబోయేలోపే ఆయన కుంటుకుంటూ పెద్ద సిస్టరుగారి గదిలో ఉన్నాడు. ఆవిడ సంతోషించింది. శని, ఆదివారాలు పనికీ, సోమవారం ఆరడానికీ ఆ గదికి తాళం వేయించి, బాలింతల్ని పక్క వార్డుకి పంపుతానంది. అంతకు మించి మూయడం కుదరదంది.

"రెండూ చేస్తారా?" అని అడిగాను, ఇంటికి వచ్చాక.

"శుక్రవారం కూర్చుంటే శనివారం లేవలేను. నీకు తెలుసుగా."

తెలుసు. అందుకే పొయ్యి మీద గిన్నె ఎత్తి దించాను, చప్పుడయ్యేలా.

సంగతి తెలిసి మా అన్నయ్య వచ్చాడు. వస్తూనే ఒంటికాలి మీద లేచాడు. "బావా, నీకు మతి పోయిందా? దేవుడికి మహిమ తెచ్చే పని వదిలేసి మరుగుదొడ్డి కడతావా?"

"స్నానాలగది" అని సరిదిద్దాడు ఈయన.

"ఏదైతేనేం! అది ఎవరైనా చేస్తారు."

"వేదికే ఎవరైనా చేస్తారు బావా. అది చదును నేల. రసమట్టం పెట్టి చూసుకుంటే చాలు. పొడుగు మేస్త్రి నాకంటే నున్నగా వేస్తాడు. స్నానాలగదికైతే నాలుగు వైపుల నుంచీ వాలు తీసుకొచ్చి నీళ్ళు పోయే జాలీ దగ్గర కలపాలి. అది వాడి చేతికి ఇంకా రాలేదు." పొడుగు మేస్త్రి ఈయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నవాడు.

"పనితనం సంగతి కాదు నేనడిగేది. దేవుడికి ఏం జవాబు చెబుతావు?"

"దేవుడు వేదిక మీద కాలు జారి పడడు బావా. బాలింత పడుతుంది."

నువ్వైనా చెప్పు అన్నట్టు అన్నయ్య నా వైపు తిరిగాడు. "మీ ఆఖరి నేల సబ్బు నురగ కింద పడి ఉండాలా?" అన్నాను. "వేదికైతే ప్రతి ఆదివారం అందరూ చూస్తారు. మా ఆయన పని అని నేను చెప్పుకుంటాను. ఆ చెమ్మగదిలో ఎవరు చూస్తారండీ?"

ఆయన కోప్పడలేదు. "ఆ గోనె సంచులు చూసింది నువ్వు, నేను కాదు. వాటిని అలాగే వదిలేసి నేను వెళ్ళి వేదిక మీద పాట పాడితే, అది నా నోట్లోంచి వస్తుందా? నువ్వే చెప్పు."

ఆయన మాట నిజమని తెలియడం వేరు, కోపం పోవడం వేరు. శుక్రవారం పొడుగు మేస్త్రి నా మీగడ రంగు టైల్స్ వేస్తుంటే ఆ వీధి మొహం కూడా చూడలేదు నేను.

శనివారం ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకేం చేస్తాను, ఆయన గీతలు ఇంకొకరి చేత నింపించనా? కూలీలు పాత టైల్స్ పగలగొట్టి, ఇసుక మళ్ళీ పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టారు. ఈయన పక్కనే నిలబడి, "ఇంకా, ఇంకా" అంటూ వాళ్ళ ప్రాణం తీశాడు. తరవాత దారం కట్టి, తాపీ పట్టి కిందకి కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు పళ్ళు బిగించడం చూశాను. అయినా మొహం గోడవైపు తిప్పుకున్నాను.

"సిమెంటు ఎవరికి కావాలో వాళ్ళు అడగొచ్చు" అన్నాను గోడతో.

"గోడగారూ, కొంచెం పలచగా కలపమని చెప్పండి" అన్నాడు ఆయన, అదే గోడతో.

నవ్వు ఆపుకోలేకపోయాను. పాడు మనిషి, సరిగ్గా కోపం కూడా చేసుకోనివ్వడు.

ఆదివారం ఆ నవ్వు లేదు. మోకాళ్ళు కుండల్లా వాచాయి. పక్కకి ఒరిగి, మోచేతి మీద బరువు వేసి, ఒక్కొక్క టైల్ రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. ఇంక చాలు, పొడుగు మేస్త్రిని పిలుద్దామన్నాను. జాలీ చుట్టూ మిగిలింది, అదే అసలు పని అన్నాడు. ఆ పూట ఆయన పూర్తి చేయలేడేమోనని నేను నిజంగా భయపడ్డాను. శనివారం వేసిన టైల్స్ సందులు నేను నింపుకుంటూ, లోపల్లోపల ప్రభువుని పోరుతూనే ఉన్నాను. ఆ టైముకి మందిరంలో ప్రతిష్ఠ మొదలై ఉంటుందన్న సంగతి కూడా నాకు గుర్తు రాలేదు.

అన్నయ్య కూటం ముగించుకుని తిన్నగా వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు. గుమ్మంలో నిలబడి, "చాలా బాగా వచ్చింది బావా. అందరూ నిన్నే అడిగారు" అన్నాడు, ఇంకా మొహం కందగడ్డ చేసుకునే.

"మూలలు డొల్ల పలకడం లేదుగా?"

"ప్రతిష్ఠలో మూలలు తట్టి చూస్తారా ఎవరైనా!"

ఆఖరి టైల్ కూర్చుంది. "చెంబు అందుకో బావా, నీళ్ళు పొయ్యి" అన్నాడు ఈయన. అన్నయ్య గోడ పక్కన పోశాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తర్వాత బుద్ధిగా జాలీలోకి వెళ్ళిపోయాయి. ఇంకో పక్క పోశాడు. అక్కడినుంచీ వెళ్ళాయి. నాలుగు మూలలా పోసి చూశాక అన్నయ్య మొహంలో కందగడ్డ పోయింది.

"ఇక లే బావా."

ఈయన లేవబోయాడు. లేవలేకపోయాడు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మేమిద్దరం చెరో రెక్కా పట్టుకున్నాం.

"ఆగండి" అన్నాడు. "ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో. ప్రార్థన చేసేసి లేస్తా."

అన్నయ్య తన తెల్లప్యాంటు వంక చూసుకున్నాడు. గుమ్మం దగ్గర సిమెంటు బురద వంక చూశాడు. ఆ బురదలోనే మోకరించాడు. నేనూ మోకరించాను. ఈయన ఈసారి తాపీగా, తీరిగ్గా ప్రార్థించాడు. తన చేతులకి ఇన్నేళ్ళూ పని ఇచ్చినందుకు వందనాలు చెప్పాడు. కొత్త వేదిక కోసం, పొడుగు మేస్త్రి కోసం అడిగాడు. కుట్లు ఊడిన ఆ తల్లి పేరు తెలియదు కాబట్టి, "నీకు తెలుసు ప్రభువా" అన్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అన్నయ్యే.

సోమవారం సాయంత్రం ఆయన్ని ఆపరేషన్‌కి చేర్చుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టగానే, వార్డుకి కాదు, పురుళ్ళ వరండాకి తొయ్యమన్నాడు. మేం వెళ్ళేసరికి పెద్ద సిస్టరుగారు స్నానాలగది తాళం తీయిస్తున్నారు.

భుజాన తువ్వాలు వేసుకుని ఒక చిన్నది వచ్చింది. తొలి కాన్పు కాబోలు, మొహంలో ఇంకా పసితనం పోలేదు. "గోడ పట్టుకోవే, గోడ పట్టుకో!" అని వెనక నుంచి వాళ్ళమ్మ అరుస్తోంది. ఆ పిల్ల గోడ పట్టుకునే లోపలికి వెళ్ళింది. ఈయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి వచ్చింది. తడిజుట్టు రెండు చేతులతో పిండుకుంటూ వచ్చింది. "సబ్బు లోపలే మర్చిపోయానమ్మా" అంటూ గిర్రున తిరిగి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. గోడ ముట్టుకోలేదు. వాళ్ళమ్మ కూడా ఈసారి అరవలేదు.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చూశావా? కిందకి చూడనే లేదు" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం వరండాలో చిన్నపిల్లల్లా ఏడుస్తూ కూర్చున్నాం.

ఆ పిల్ల మమ్మల్ని చూసి ఆగిపోయింది. పాపం, జాలిపడి దగ్గరికి వచ్చింది. "ఏమైంది పెద్దమ్మా? మీ వాళ్ళెవరికైనా బాగాలేదా?"

"అందరూ బాగున్నారమ్మా" అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వెళ్ళు, లోపల నీ బిడ్డ ఏడుస్తోంది."