భర్త పేరు గడి

ఆ రోజు విజయనగరంలో కంటి ఆపరేషన్ల క్యాంపు నుంచి శ్రీకాకుళం బస్సెక్కాను. క్యాంపు కంప్యూటర్‌లో పేర్లు వెతికే ఫారం తయారుచేసింది నేనే. కొన్ని పేర్లు కనబడటం లేదన్నారని, లాప్‌టాప్‌లో ఆ ఫారాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, మాక్రో, తిరగేస్తూ కూర్చున్నాను. పక్క సీటులో ఒకామె చేతిలోని క్యాంపు చీటీని నలుపుతోంది.

"పొద్దున్నుంచీ కూకున్నాను బాబూ. నీ పేరు కంప్యూటర్లో లేదు, ఎల్లిపోమన్నారు. రాసుకున్నోళ్ళే లేదంటే ఏటనాలి?"

ఆమె చీటీ నంబరు కొట్టి చూశాను. మాక్రోలో పేర్లను వడకట్టే ఫిల్టర్ తీసేస్తే పేరు ఉంది, పెడితే మాయం. భర్త పేరు గడి ఖాళీగా ఉంది. ఆ గడి నింపని ఆడవాళ్ళందరినీ నా మాక్రో దాచేస్తోంది.

"భర్త పేరు చెప్పలేదా అమ్మా?" అన్నాను.

"ఒగ్గేసిపోయినోడి పేరు నానెందుకు సెప్తాను? కళ్ళు నాయి. ఆడి పేరు లేకపోతే నాను లేనట్టేనా?" ఆ కేకకు బస్సంతా మావైపు తిరిగింది.

నాకు ముఖం చెల్లలేదు. తప్పు నాదేనని ఒప్పుకుని, ఆ గడి నింపాలన్న షరతు తీసేసి, క్యాంపుకు ఫోన్ చేశాను. మర్నాడు ఉదయం ఆమెను రమ్మన్నారు.

"ఇదిగోనమ్మా, మీ పేరు వచ్చింది" అని తెర ఆమె వైపు తిప్పాను.

ఆమె తెర వైపు చూడనైనా లేదు. "ఇప్పుడొచ్చిందేటి? నాను మొదట్నుంచీ ఉన్నాను" అని, రణస్థలంలో దిగిపోయింది.