వెనక బల్ల మీద ముగ్గురం

మా అత్తగారి ఊరు తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు ఎగువన. నేను నందికొట్కూరు వైపు మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. పెండ్లయ్యేదాకా బావి నీళ్ళు తప్ప ఎరగను. కాపురానికి వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, కాలువ మరమ్మతులు జరుగుతున్నాయి. ఆ పనికి రాయి తోలే కంట్రాక్టు మా బావగారిది, అంటే నా భర్తకు అన్నగారిది. పనివాళ్ళను ఏరు దాటించడానికి అక్కడొక మోటారు పడవ ఉండేది. అవతలి ఒడ్డున మా ఆడబిడ్డ ఇంట్లో నామకరణమైతే, ఆయన ఆ పడవను అడిగి తెప్పించాడు.

పడవ నడిపే సాయిబు మమ్మల్ని ఎక్కడివాళ్ళను అక్కడ తూకం చూసినట్టు కూర్చోబెట్టాడు. బియ్యం మూట ముందర పెట్టించాడు. బావగారి భార్య, మేము అక్కా అని పిలిచే పెద్ద కోడలు, భారీ మనిషి. ఆమెను నడుమ కూర్చోమన్నాడు. చిన్న కోడళ్ళం ముగ్గురం ముందు బల్ల మీద.

"ఏమప్పా సాయిబూ, మేమేమన్నా సంతకు తోలే మూటలమా?" అని అక్క నవ్వింది.

"మూటలైతే ఈ బాధ యాడిదమ్మా! పెట్టిన తావునే ఉంటాయి. ఎనక ఇంజను బరువుండాది, నా బరువుండాది. ఇంకెవురన్నా ఎనక్కొస్తే పడవ మూతి పైకి లేస్తాది. ముందర రాయున్నా నాకు కానరాదు. దిగేదాకా కదలొద్దండి."

అందరికన్నా ఆఖరున బావగారు వచ్చి మాకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఆ మాటలు వినలేదు. మా ఇంట్లో చిన్న కోడళ్ళు బావగారికి సమానంగా కూర్చోరు, నేరుగా మాట్లాడరు. ఆయన వస్తే లేచి పక్కకు పోవలసిందే. ఇక్కడ ఆయన మోకాళ్ళకూ మా మోకాళ్ళకూ మధ్య జానెడు చోటు లేదు. నడి ఏట్లోకి వచ్చేసరికి ఉండబట్టలేక లేచాను. నన్ను చూసి తక్కిన ఇద్దరూ లేచారు. వంగి వంగి పోయి వెనక బల్ల మీద కూర్చున్నాం. మర్యాద తెలిసిన కోడళ్ళనుకున్నాడేమో, బావగారు ముఖం అటు తిప్పుకున్నాడు.

"అయ్యో తల్లీ, ముందరికి పోండి," అన్నాడు సాయిబు.

నేను కొంగు ఇంకా ముందుకు లాక్కున్నాను.

పడవ మూతి లేచింది. సాయిబు నిలబడి మెడ చాచి చూస్తూ, "మీకే చెప్తాండా తల్లీ, శానా తప్పు," అంటూ మెల్లగా వేగం తగ్గించబోయాడు. ఇంతలో బావగారు, "రాయి! రాయి!" అని అరిచాడు. ఇక చుక్కాని ఒక్కసారిగా తిప్పక తప్పలేదు. పడవ ఒరిగింది. మేము ముగ్గురం ఒరిగిన వైపే పడ్డాం. వెనక అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి, ఇంజను ఆగిపోయింది. రాయి మాత్రం తగల్లేదు. సాయిబు గడకర్రతో నెట్టుకుంటూ ఇసుక దిబ్బకు చేర్చాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావు? ఆడోళ్ళను ముంచుతాంటివి గదా! నీ సంగతి పైవాళ్ళకు చెప్తా!" అని బావగారు కేకలేశాడు.

సాయిబు ఒకసారి నా వైపు చూసి, "కానరాలేదయ్యా," అని ఊరుకున్నాడు. పరాయి ఇంటి కోడళ్ళ మీద నేరం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. చెప్పవలసింది నేను. బావగారితో నేరుగా మాట్లాడకూడదు, నిజమే. కానీ అక్క పక్కనే ఉంది.

ఆమే నా చెవి దగ్గరకు వచ్చి, "మీరు ఎనక్కి పోతేనే ఇట్లయిందని చెప్పమంటావా? నువ్వు ఊఁ అంటే చెప్తా," అంది.

కొత్త కోడలు పడవ ముంచిందని మా పుట్టింటిదాకా పాకుతుందని భయపడ్డాను. తల అడ్డంగా ఊపాను.

నెల తిరక్కముందే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అక్క వచ్చి కూర్చుంది.

"సాయిబును పనిలోంచి తీసేసినారంట. పిల్లోళ్ళను తీసుకొని కడప పక్క యాడికో కూలికి పోతాండాడంట."

నేను చేటలోంచి ఇంకో కాయ తీసుకున్నాను.

"ఇంకా పోలేదంటలే. ఇప్పుడన్నా మీ బావతో చెప్పమంటావా?"

ఈనె తీసిన కాయనే మళ్ళీ తిప్పి తిప్పి చూశాను.

"వద్దులే అక్కా," అన్నాను.