మణెమ్మత్త చేతికి నేను కట్టిన పట్టీ

నిన్న స్టాఫ్‌రూంలో కొత్తగా వచ్చిన టీచరు చేతులు కడుక్కోవడానికి వాచీ విప్పి బల్ల మీద బోర్లా పెట్టింది. దాని అడుగున చిన్న ఆకుపచ్చ వెలుగు టపటపా మినుకుమంటోంది. చెయ్యి లేకపోయినా నాడి కోసం వెతుక్కుంటోంది అది. దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి నేను వరండాలోకి వచ్చేశాను. ఆ వెలుగును ఇప్పటికీ చూడలేను. కొన్నేళ్ల కింద గుండె లెక్క చూపించే అలాంటి పట్టీనే ఏరికోరి కొని మా మణెమ్మత్త చేతికి నేనే కట్టాను. కట్టి, ఆమె ప్రాణం మీదికి తెచ్చాను.

మాది మక్తల్ పక్కన ఒక పల్లె. మణెమ్మత్త మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. గొర్రెలూ బర్రెలూ ఉన్న ఇల్లు వాళ్లది. మగవాళ్లు మంద వెంట పోతే పాలు పాలకేంద్రానికి చేర్చే పని ఆమెది. చీర గోచిపోసి కట్టి, క్యారియర్‌కు అటొక క్యాను ఇటొక క్యాను తగిలించి, మగవాళ్ల సైకిల్‌ను దర్జాగా తొక్కుకుంటూ పోయేది. ఆడమనిషి సైకిల్ ఎక్కడమేమిటని ఊరు కొన్నాళ్లు నవ్వింది. ఆమె బెల్లు గట్టిగా కొట్టుకుంటూ పోయింది. నవ్వేవాళ్లే విసుగొచ్చి మానుకున్నారు.

నాకు ఏడో తరగతి అయిపోయింది. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. "బస్సు లేదు, ఏం లేదు. సదివిన కాడికి సాలు," అన్నాడు బాపు. నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే మణెమ్మత్త లోపలికి వచ్చి బాపు ముందు నిలబడింది. "బస్సు లేకుంటే సైకిల్ లేదా అన్నా? పిల్లను నాకియ్యి, నెల దినాలల్ల తొక్కిపిస్త," అంది. పదిహేను రోజుల్లోనే తొక్కించింది. నేను పడకముందే కేకలు పెడితే, "ముందుగాలే ఎందుకేడుస్తవే కోడలా, పడినంక ఏడుద్దువు తియ్యి," అనేది. ఆ సైకిల్ మీదే పది దాకా చదివాను. ఆ పైన లెక్కల టీచర్ని అయ్యాను. ఆ రోజు ఆమె గడప దాటి లోపలికి రాకపోతే నా బతుకు ఏమయ్యేదో నాకు బాగానే తెలుసు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక తెల్లవారుజామున పాలు పితుకుతూ మణెమ్మత్త బర్రె పక్కనే ఒరిగిపోయింది. పాలమూరు దవాఖానలో గుండె జబ్బన్నారు. పది రోజుల తర్వాత డాక్టరు, "మెల్లగ సైకిల్ తొక్కొచ్చమ్మా. కాని గుండె నిమిషానికి నూటపది దాటొద్దు. దాటిందంటే దిగి కూసోవాలె," అన్నాడు. ఆమె పెద్ద కొడుకు సత్తయ్య అక్కడే విరుచుకుపడ్డాడు.

"నూటపదో నూటయాభయ్యో ఈమెకెట్ల తెలుస్తది? సైకిల్ అమ్మేస్త."

"అమ్ము. నన్ను గూడ మంచానికి కట్టెయ్. నీకు ఫికర్ ఉండది," అంది మణెమ్మత్త.

మధ్యలో నేను దూరాను. "లెక్క నేను చూసుకుంట సత్తయ్యా. దానికి మిషిన్లున్నయి," అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కపారి తప్పిందంటే మాత్రం సైకిల్ ఇంట్ల ఉండదక్కా," అన్నాడు. సైకిల్ పోతే ఆమె ఎన్నాళ్లు బతుకుతుందో నాకు నమ్మకం లేదు. లెక్క తప్పితే అసలే బతకదు. ఆ రెండింటి మధ్య నిలబడి, పెద్ద ధీమాగా తలూపాను.

పాలమూరులో దుకాణానికి వెళ్లాను. అతను రెండు తీసి చూపించాడు. "ఛాతికి కట్టుకునేది గుండె కొట్టుకునుడు సీదా పట్టుకుంటది మేడం, సైకిల్‌కు గిదే మంచిది. చేతిది ఎలుతురుతోని అందాజ కడ్తది, జర అగ్గువ," అన్నాడు. నేను చేతిదే తీసుకున్నాను. అది చవక, నా జీతానికి సరిపోతుంది అని ఇంట్లో చెప్పాను. కానీ అసలు సంగతి వేరే. అంత పెద్దామెను రవిక లోపల బెల్టు కట్టుకోమని ఎలా చెప్పాలా అని నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును పొదుపు పేరుతో కప్పిపుచ్చుకున్నాను.

పట్టీ కట్టబోతే మణికట్టు నిండా గాజులు. జరిపితే మళ్లీ కిందికే జారుతున్నాయి. "మీ మామ బతికుండంగ గాజులు తీస్తనా?" అని చెయ్యి లాక్కుంది. సరేనని గాజులకు పైన, ముంజేతి మీద బిగించాను. అక్కడంతా పచ్చబొట్టు. తేలు, తులసికోట, సందు లేకుండా చుక్కల వరుసలు. చిన్నప్పుడు ఏడ్చుకుంటూ పొడిపించుకున్నదట. పట్టీ కాసేపు తడుముకుని ఎనభై నాలుగు చూపించింది. అంకె వచ్చింది కదా, ఇంకేం కావాలి లెక్కల టీచరుకి!

మర్నాడు పొద్దున ఒక్క క్యాను పాలతో బయలుదేరాం. ఆమె సైకిల్ మీద, నేను పక్కనే స్కూటీ మీద. పాలకేంద్రానికి ముందు ఒక మిట్ట ఉంది. సగం ఎక్కేసరికి ఆమె మాట తెగుతోంది.

"కోడలా, ఆయాసమైతాంది."

వంగి పట్టీ చూశాను. "ఎనభై నాలుగే అత్తా. ఏం గాదు, తొక్కు."

ఇంకో ఇరవై గజాలు. "దమ్ము ఆడ్తలేదే..."

"గదే ఎనభై నాలుగున్నది. భయానికి గట్ల అనిపిస్తది," అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఆమె తొక్కింది. మిట్ట పైకి చేరగానే సైకిల్ ఒక పక్కకు, ఆమె ఒక పక్కకు. పాలు రోడ్డు మీద పారాయి. ముఖం బూడిద రంగుకు తిరిగింది. పెదాలు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె మెడ మీద వేళ్లు పెట్టి నా గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పదిహేను సెకన్లకు ముప్పై ఎనిమిది. నాలుగుతో హెచ్చించడానికి నాకు భయమేసింది. ఆమె ముంజేతి మీద పట్టీ మాత్రం ఇంకా ఎనభై నాలుగే చూపిస్తోంది. దారిన పోయే ఆటోను ఆపి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఊరంతా వినపడేలా ఏడుస్తూ దవాఖానకు తీసుకుపోయాను.

గండం గడిచిందని సాయంత్రానికి చెప్పారు. డాక్టరు ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు, గాజులు జరిపి ఆమె చెయ్యి చూశాడు. "పచ్చబొట్టు మీద కట్టిన్రా? సిరా దీని ఎలుతురును లోపలికి పోనియ్యదు టీచరమ్మా. ఎప్పుడో దొరికిన అంకెనే పట్టుకొని కూసుంటది," అన్నాడు. దుకాణంలో నేను అడగలేదు, ఇంట్లో చేత్తో ఒక్కసారి లెక్కపెట్టి సరిచూడలేదు. బడిలో పిల్లలు జవాబు సరిచూసుకోకపోతే చెవి మెలిపెట్టేదాన్ని నేనే.

మంచం పక్కన కూర్చుని తప్పంతా చెప్పేశాను, సిగ్గు సంగతితో సహా. మణెమ్మత్త నన్ను ఊరడించలేదు.

"నేను ఆయాసమన్న. నువ్వు దాన్నడిగినవ్," అంది. "సదువుకున్నదానివి, నీకు తెలుస్తదని తొక్కిన."

అంతకంటే పెద్ద మాట నన్ను ఎవరూ అనలేదు. సత్తయ్య సైకిల్‌కు గొలుసు వేసి తాళం జేబులో పెట్టుకున్నాడు. నేను వాడి ముందు తల దించుకుని ఛాతి బెల్టు కొనుక్కొచ్చాను. తడిపి రవిక లోపల కట్టుకోవాలని చెబితే మణెమ్మత్త పకపకా నవ్వింది. "గింత దానికేనా నన్ను సంపబోయినవు?" అంది. రెండు నెలలు ఇంటి ముందే నడిపించి, చేత్తోనూ బెల్టుతోనూ సరిచూసి, వరుసగా లెక్కలు చూపించాకే సత్తయ్య గొలుసు తీశాడు.

మళ్లీ ఆ మిట్ట కిందికి వచ్చాం. బెల్టు చూపించే అంకె నా ఫోన్లో కనిపిస్తుంది. ఆమె ఎక్కడం మొదలుపెట్టి, "ఎంతున్నది కోడలా?" అంది. ఫోన్ సంచిలో వేసేశాను.

"నువ్వు చెప్పత్తా. ఎట్లున్నది?"

ఆమె నాలుగు తొక్కులు తొక్కింది. "దిగుత," అంది, దిగింది. అప్పుడు తీసి చూశాను. నూటపన్నెండు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఆమె నా వైపు చూసింది.

"గీ మాట ఆ దినం అడిగుంటే..." అని, నా ముఖం చూసి ఆగిపోయింది. కొంగుతో మెడ తుడుచుకుని లేచింది. "పా, పాలు ఇరుగుతయి."

ఆ తర్వాత నాలుగేళ్లు తొక్కింది. పోయిన ఎండాకాలం నిద్రలోనే వెళ్లిపోయింది. నా మీద దయతో ఆమె సగంలో ఆపేసిన ఆ మాటను ఇప్పుడు రోజూ నేనే పూర్తి చేసుకుంటున్నాను.